గాంట్ చార్ట్ టైమ్‌స్కేల్: స్క్రీన్ మీద ఒక లెక్క, గోడ మీద ఇంకో లెక్క

పోయిన వీడియో కింద తాండూరు నుంచి ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, ఎంఎస్ ప్రాజెక్ట్‌లో చార్ట్ బాగానే కనిపిస్తుంది, ప్రింట్ కొడితే మాత్రం పేజీలకు పేజీలు వస్తున్నయి, ఎట్ల?" అని. ఈరోజు అదే చూద్దాం.

తాండూరు అంటే మనకు తెలిసిందే కదా, బండలు, కంది పప్పు, సిమెంటు. అందుకే ఉదాహరణ కూడా అక్కడిదే తీసుకుందాం. ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కిల్న్ షట్‌డౌన్, 12 రోజులు అనుకోండి. కిల్న్ ఆపాలి, చల్లారాలి, లోపలి పాత ఇటుక తీయాలి, కొత్తది కట్టాలి, మెల్లగా వేడెక్కించాలి. కిల్న్ ఆగిన ప్రతి గంటా ప్రొడక్షన్ పోయినట్టే, కాబట్టి ఈ ప్లాన్ గంటల్లో నడుస్తది.

ఫైల్ ఓపెన్ చేయగానే పైన వారాలు, కింద రోజులు కనిపిస్తాయి. అది డిఫాల్ట్. అందులో 4 గంటల పని ఒక చిన్న ముక్కలాగా ఉంటది, ఎప్పుడు మొదలో ఎప్పుడు ముగింపో తెలియదు. వ్యూ ట్యాబ్‌లో టైమ్‌స్కేల్ అని ఉంటది, దాని కింద టైమ్‌స్కేల్ డైలాగ్ ఓపెన్ చేయండి. లేదా చార్ట్ పైన తేదీలున్న పట్టీ మీద డబుల్ క్లిక్ చేసినా చాలు. టాప్, మిడిల్, బాటమ్ అని 3 వరసలు పెట్టుకోవచ్చు, మనకు 2 చాలు. మిడిల్‌లో డేస్, బాటమ్‌లో అవర్స్.

ఇప్పుడు కౌంట్ దగ్గర జాగ్రత్త. 3 షిఫ్టులు కదా, 8 గంటలకొక గడి పెడదాం అనిపిస్తది. పెట్టి చూడండి, గీతలు అర్ధరాత్రి 12, పొద్దున 8, సాయంత్రం 4 దగ్గర పడతాయి. షిఫ్ట్ మారేదేమో 6కి, 2కి, రాత్రి 10కి. ఏ గీతా షిఫ్ట్‌తో కలవదు. కౌంట్ 2 పెట్టండి. అప్పుడు 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 మూడూ గీత మీదే పడతాయి. 12 రోజులకు 144 గడులు. ఎక్కువే, కానీ చదివేవాడికి లెక్క తప్పదు.

ఇంకోటి, నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది. అదే డైలాగ్‌లో చివరి ట్యాబ్, నాన్ వర్కింగ్ టైమ్. అక్కడ స్టాండర్డ్ క్యాలెండర్ ఉంటే, గంటల స్కేల్‌లో రాత్రంతా బూడిద రంగు పట్టీ పడతది, ఆదివారం కూడా. ఆ కాగితం గోడకు అతికిస్తే రాత్రి షిఫ్ట్ మేస్త్రీ ఏమనుకుంటాడు? మాకు ఈరోజు పని లేదు అనుకుంటాడు! అక్కడ 24 అవర్స్ క్యాలెండర్ ఎంచుకోండి. గుర్తుంచుకోండి, ఇది రంగు మాత్రమే మారుస్తది. పని నిజంగా రాత్రి కూడా నడవాలంటే ప్రాజెక్ట్ ఇన్ఫర్మేషన్‌లో కూడా క్యాలెండర్ మార్చాలి. టైమ్‌స్కేల్ ఏం మార్చినా మీ తేదీలు కదలవు, చూసే అద్దం మారుతుందంతే.

ఇక ప్రింట్. స్క్రీన్ మీద ఏ స్కేల్ ఉందో కాగితం మీద కూడా అదే వస్తది. చాలామంది వెంటనే పేజ్ సెటప్‌లో ఫిట్ టు 1 పేజీ అని కొడతారు. 144 గడులూ ఒకే ఏ4లోకి వస్తాయి, నిజమే, అక్షరాలు చీమ తలకాయంత అవుతాయి. దుమ్ములో, హెల్మెట్ పెట్టుకుని ఎవరు చదువుతారు అది?

నేనైతే ఇట్ల చేస్తా. ఫైల్, ప్రింట్‌లోకి వెళ్తే తేదీల గడులు రెండుంటాయి, ఎక్కడి నుంచి, ఎక్కడి వరకు అని. 3 రోజులకొక ఏ3 కాగితం, మొత్తం 4 కాగితాలు. అయిపోయిన కాగితం తీసేసి తర్వాతది అతికించడమే. ఒక్క కాగితంలో పట్టకపోతే టైమ్‌స్కేల్ డైలాగ్‌లో సైజ్ 100 నుంచి 70కో, 60కో దించండి, గడుల వెడల్పే తగ్గుతది, అక్షరం తగ్గదు. ఎడమ పక్క టేబుల్‌లో పని పేరు, ఎవరు చేస్తారు, ఇవి చాలు, మిగతా కాలమ్‌లు మధ్య గీత లాగి దాచేయండి. పేజ్ సెటప్, వ్యూ ట్యాబ్‌లో ఫిట్ టైమ్‌స్కేల్ టు ఎండ్ ఆఫ్ పేజ్ టిక్ చేస్తే చివర్లో ఖాళీ మిగలకుండా సాగుతది. లెజెండ్ నన్ పెట్టండి, కింద జాగా మిగులుతది.

హైదరాబాద్ ఆఫీసుకు పంపేది వేరే. వాళ్లకు గంటలు వద్దు, వారాలు, రోజులు, ఒక్క పేజీ. దానికి వేరే వ్యూ సేవ్ చేసుకోండి, ప్రతిసారి మార్చుకుంటూ కూర్చోవద్దు.

అన్నట్టు, ఇది మనకు కొత్తేం కాదు. వికారాబాద్ చుట్టుపక్కల రైతును అడగండి, తేదీ చెప్పడు, కార్తె చెప్తాడు. మృగశిర, ఆరుద్ర అని, ఒక్కోటి 13, 14 రోజులు, ఏడాదికి 27. విత్తనం పనికి సరిపోయే స్కేల్ అది. కంది సాగు ప్లాన్ చేసేవాళ్లు వీక్స్ పెట్టి కౌంట్ 2 ఇవ్వండి, దాదాపు అదే కొలత. కచ్చితంగా కార్తె మొదటి రోజుకే గీత పడదు మరి.

తమ్ముడూ, ప్రింట్ కొట్టే ముందు ప్రివ్యూ కింద పేజీల సంఖ్య చూడు. 1 దాటితే మళ్లీ సైజ్ దించు. వచ్చే వీడియోలో ఆ రెండు వ్యూలు సేవ్ చేసి చూపిస్తా.