మన ఊరి పండగలు – నాయన తెచ్చిన క్యాసెట్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1991 పదో తరగతి బ్యాచ్ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి అన్న నెల కిందట బెంగళూరుకు ఫోన్ చేసి, "మన ఊరి పండగల మీద పది నిమిషాలు మాట్లాడమ్మా" అన్నాడు. ప్రొద్దుటూరు మనిషికి పండగల గురించి పది నిమిషాలు ఇవ్వడం అన్యాయం. దసరాలో ఏ రోజు ఏ అలంకారమో చెప్పుకోవడానికే ఆ టైము చాలదు. అందుకని అన్నీ చెప్పను. ఒక్క సంవత్సరం చెబుతాను. 1990. అప్పుడు నేను ఈ బడిలోనే పదో తరగతి.

మన పండగల వరుస మీకందరికీ తెలిసిందే. ఉగాదికి బండలాగుడు పోటీలు. దేవుని కడపలో ఆ రోజు వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు కూడా కాయా కర్పూరం తీసుకుని వస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని వాళ్ల నమ్మకం. మండే ఎండల్లో జమ్మలమడుగు నారాపుర వెంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాలు. జమ్మలమడుగు మా అమ్మ పుట్టిల్లు కాబట్టి సెలవుల్లో అక్కడే ఉండేవాళ్లం. గండికోట పక్కనే ఉన్నా అప్పుడు అటు పోయేవాళ్లు తక్కువ. మాధవరాయస్వామి గుడి, రంగనాథుని గుడి, జామియా మసీదు, ఆ పెద్ద ధాన్యాగారం, వాటి మధ్య మేకలు. ఇప్పుడు గండికోట ఉత్సవాలంటే దేశమంతా వస్తున్నారు, గుడారాలు వేసుకుని తెల్లవారుజామున లోయ చూస్తున్నారు. మంచిదే. మేకలు మటుకు ఇప్పటికీ ఉన్నాయి.

శ్రావణమాసంలో గండి. మా మేనత్తది పులివెందుల. శనివారాల్లో అక్కడి నుంచి వేంపల్లె మీదుగా గండి వీరాంజనేయస్వామి తిరునాళ్లకు పోయేవాళ్లం. పాపఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే చోటు అది. రాముడు బాణం మొనతో బండ మీద ఆంజనేయుని బొమ్మ గీశాడనీ, చిటికెన వేలు ఒక్కటీ మిగిలిపోయిందనీ చెబుతారు. రెండు కొండల మధ్య బంగారు తోరణం ఉందనీ, పోయే కాలం దగ్గరపడిన పుణ్యాత్ములకే కనబడుతుందనీ ఇంకో కథ. మన్రో దొరకు కనబడిందనీ, తర్వాత కొద్ది రోజులకే పోయాడనీ అంటారు. చిన్నప్పుడు నేను గండిలో తల పైకెత్తేదాన్ని కాదు. కనబడితే ఎట్లా అని భయం.

ఇక పెన్న. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం దాటి, గండికోట లోయలో దూరి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు తాకి, నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే ఏరు. దాదాపు 600 కిలోమీటర్లు. గోదావరికి, కృష్ణకు పన్నెండేళ్లకోసారి పుష్కరం వస్తుంది. ఆ పన్నెండు నదుల పట్టికలో మన పెన్నకు చోటు లేదు. ఈ మాట ఎవరైనా ఎత్తితే మా జేజి "దానికి నీళ్లొచ్చిన రోజే పుష్కరం పో" అనేది.

ఇప్పుడు 1990కి వస్తాను.

మా నాయన అప్పటికి ఆరేళ్లుగా కువైట్‌లో డ్రైవరు. ఎదురింటి ఖాలా భర్త కూడా అక్కడే, ఒకే గదిలో. మా క్లాసులో ముగ్గురి నాయనలు కువైట్‌లో ఉండేవాళ్లు. ఈ కాలం పిల్లలకు తెలియదు గానీ, అప్పుడు ఉత్తరం రావడానికి రెండు వారాలు పట్టేది. ఫోను చేయాలంటే ఎస్టీడీ బూత్‌లో గంటలు కూర్చోవాలి, బిల్లు చూస్తే గుండె ఆగేది. అందుకని క్యాసెట్లు. ఉత్తరానికి బదులు టేప్‌రికార్డరు ముందు కూర్చుని అరవై నిమిషాలు మాట్లాడి, ఎవరైనా పోతుంటే వాళ్ల చేతికి ఇచ్చి పంపేవాళ్లం. అందులో జేజి తిట్లు, అమ్మ లెక్కలు, తమ్ముడి ఎక్కాలు.

1989 దసరాకు నాయన ఒక కోరిక కోరాడు. "మాటలొద్దు, తొట్టి మెరవణి రికార్డు చేసి పంపండి" అని రాశాడు. ప్రొద్దుటూరును రెండో మైసూరు అని మనకు మనమే బిరుదు ఇచ్చుకున్నామని బయటివాళ్లు నవ్వుతారు. నవ్వనీండి. అమ్మవారిశాల నుంచి కన్యకాపరమేశ్వరి తొట్టి మెరవణి కదిలిన రాత్రి ఒక్కసారి వీధిలో నిలబడితే ఆ నవ్వు ఉండదు. కరెన్సీ నోట్లతో ధనలక్ష్మి అలంకారం గురించే పేపర్లు రాస్తాయి. నాకు మాత్రం దసరా అంటే చెవి. దూరం నుంచి డప్పు ముందు కడుపులో తెలుస్తుంది, తర్వాత చెవికి తెలుస్తుంది. అమ్మ ఆ రాత్రి టేప్‌రికార్డరును చీర కొంగులో చుట్టి, అరుగు మీద నిలబడి, రెండు వైపులా నిండేదాకా పట్టుకుంది. ఎవరినీ మాట్లాడనివ్వలేదు. ఆ క్యాసెట్ కువైట్ పోయింది.

మరుసటి ఏడు పీర్ల పండగ, శ్రావణమాసం ఒకే అమావాస్య తర్వాత మొదలయ్యాయి. పీర్ల పండగ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి నడుస్తూ వస్తుంది కదా, ఆ ఏడు నడిచి నడిచి శ్రావణంలోకి వచ్చింది. మా వీధిలో గుండం తవ్వడానికి గడ్డపారలు పట్టినవాళ్లలో సగం మంది హిందువులే. పీరు ఎత్తుకునేవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోయడానికి జేజి బిందె పట్టుకుని నిలబడేది. ఆ గుండం బూడిద ఇంకా వీధిలో ఉండగానే, ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. మాకు ఆకాశవాణి వార్తల్లో తెలిసింది. ఆ రోజు నుంచి ఫోను లేదు, ఉత్తరం లేదు.

మన సోషల్ సార్ బోర్డు మీద పశ్చిమాసియా పటం గీసి, కువైట్ ఎక్కడ, బాగ్దాద్ ఎక్కడ, జోర్డాన్‌లో అమ్మాన్ ఎక్కడ అని చూపించారు. "ఈ దారిలో వస్తారమ్మా, విమానాలు అమ్మాన్‌లో ఉన్నాయి" అని మా ముగ్గురి వైపు చూసి చెప్పారు. పరీక్షకు రాని పాఠం అది. సార్ పేరు చెప్పను. మూడో వరుసలో కూర్చుని తల దించుకున్నారు. మీరు గీసిన ఆ పటం మూడు రోజులు చెరపలేదు సార్. లెక్కల టీచర్ కూడా దాని పక్కనే సందులో లెక్కలు చేశారు.

శ్రావణంలో చివరి శనివారం అమ్మ గండికి పోయింది. ఖాలా కూడా వెంట వచ్చింది. ఖాలా పీరుకు వెండి పంజా మొక్కుకుంటే, తనకూ ఒకటి చేయించమని అమ్మ డబ్బులిచ్చింది. ఎవరి దేవుడు ముందు వింటాడో తెలియదు కాబట్టి ఇద్దరూ అందరికీ అర్జీ పెట్టారు.

సెప్టెంబరు 1న పుట్టపర్తి నారాయణాచార్యుల వారు పోయారు. మన అగస్త్యేశ్వరస్వామి గుడిలో ప్రదక్షిణలు చేస్తూ ఆయన శివతాండవం కట్టారని తెలుగు సార్ ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు. ఊరంతా అదే మాట. మా ఇంట్లో మాత్రం ఎవరి చావు కబురు వచ్చినా అమ్మ గడపలో కూలబడేది. ముందు నాయన గుర్తొచ్చేవాడు.

సెప్టెంబరు చివర దసరా. ఆ ఏడు మా ఇంట్లో పొయ్యి మీద ఓళిగ పెనం ఎక్కలేదు. కొత్త బట్టలు లేవు. తొమ్మిది రోజులూ అమ్మ మమ్మల్ని అమ్మవారిశాల వైపు పోనివ్వలేదు. మెరవణి రాత్రి డప్పు వినబడగానే లేచి వీధి తలుపు మూసి గొళ్లెం పెట్టింది. పోయిన ఏడు అదే డప్పును కొంగులో పట్టుకున్న మనిషి. తమ్ముడు ఏడుపు మొదలుపెట్టాడు. జేజి మంచం మీది నుంచి లేచి, మాట్లాడకుండా పోయి, గొళ్లెం తీసింది.

"ఎందుకు తీస్తావత్తా?" అనింది అమ్మ.

"అమ్మవారు ఇంటి ముందరికి వస్తాంటే తలుపేసుకుంటారా? నా కొడుకు ఆ శబ్దం వింటానే ఇంటికి వచ్చేది. తెరిచి పెట్టు" అనింది జేజి.

అమ్మ వాదించలేదు. బయటికీ రాలేదు. నేను, తమ్ముడు, ఎదురింటి ఖాలా, ఆమె పిల్లలు అరుగు మీద నిలబడ్డాం. తొట్టి మా ఇంటి ముందు కొద్దిసేపు ఆగింది. అందరి ఇళ్ల ముందూ ఆగుతుంది, మాకోసమని కాదు. నాకు ఆ రాత్రి మాత్రం మాకోసమే అనిపించింది.

నాయన దసరాకు రాలేదు. సినిమాలో అయితే ఆ రాత్రే వచ్చి ఉండేవాడు. పండగ అయిన ఎనిమిదో రోజు వచ్చాడు. కువైట్ నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి అమ్మాన్, సార్ గీసిన దారే. ఎడారి శిబిరంలో పదకొండు రోజులు. అక్కడి నుంచి మన ప్రభుత్వం నడిపిన విమానంలో బొంబాయి. ఆ రెండు నెలల్లో 1,70,000 మందికి పైగా అట్లా వచ్చారు. బొంబాయి నుంచి మద్రాసు బండిలో ఎర్రగుంట్ల. మన ఊరికి రైలు 2016లో కదా వచ్చింది. ఎర్రగుంట్లలో దిగి బస్సెక్కి, పెన్న దాటి ఊళ్లోకి వచ్చేసరికి వీధుల్లో పందిళ్లు విప్పుతున్నారట. ఖాలా భర్త కూడా వెంటే ఉన్నాడు. ఇద్దరూ మనుషులు గుర్తుపట్టేటట్టు లేరు.

ఇద్దరికీ కలిపి ఒకటే సంచి. నాయన జీతం ఆరు నెలలది యజమాని దగ్గరే ఉండిపోయింది. దాచిన దీనార్లకు విలువ పోయింది. అమ్మకని కొన్న గొలుసు దారిలో నీళ్లకు, రొట్టెకు అమ్మేశాడు. సంచిలో రెండు జతల బట్టలు, పాస్‌పోర్టు, ఈ క్యాసెట్.

అమ్మ క్యాసెట్ చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గొలుసు అమ్మితివి, దీన్ని ఎట్లా తెస్తివి?" అనింది.

"దీన్ని ఎవరూ కొనలేదు" అన్నాడు నాయన.

మాట నవ్వుకే అన్నాడు. నిజం మాత్రం ఖాలా భర్త తర్వాత చెప్పాడు. శిబిరంలో ఒక తమిళ మనిషి దగ్గర బ్యాటరీ టేప్‌రికార్డరు ఉండేదట. రాత్రిళ్లు అందులో ఈ క్యాసెట్ వేసేవాళ్లట. తమిళులు, మలయాళీలు, మన రాయచోటి వాళ్లు, పంజాబీలు చుట్టూ కూర్చునేవాళ్లట. అది ఏ దేవుడి డప్పు అని ఎవరూ అడగలేదట.

నాయన మళ్లీ దేశం పోలేదు. ఆటో కొన్నాడు. ఐక్యరాజ్యసమితి పరిహారం కొన్నేళ్ల తర్వాత వస్తే దానితో నా పెళ్లి చేశాడు. 1991 శివరాత్రికి రామేశ్వరం పోయాం, మన ముక్తి రామలింగేశ్వరుని గుడికి. అక్కడ యుద్ధం ఇంకా జరుగుతోంది. నాయన పెన్న ఇసుకలో ట్రాన్సిస్టరు చెవికి పెట్టుకుని కూర్చుని, రెండో చేత్తో చెలమ తవ్వుతున్నాడు. మోచేతి లోతుకు నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు దోసిట్లో పట్టి మాకు తాగించాడు. ఏట్లో నీళ్లు లేకపోయినా చెలమలో ఉండేవి. ఊరంతా జాగారం ఆ ఇసుక మీదే.

పోయిన శివరాత్రికి మా అబ్బాయిని తీసుకుని అక్కడికే పోయాను. చెలమ తవ్వి చూపిస్తానని దారంతా చెప్పాను. గుడి బాగుంది, జనం బాగున్నారు, దీపాలు మునుపటి కంటే ఎక్కువ. ఏట్లోకి దిగితే ఇసుక లేదు. గుంతలు, బండరాయి, జరుగు మట్టి, సర్కారు తుమ్మ. చేత్తో తవ్వబోతే గోరు విరిగింది. పైన గండికోటలో, మైలవరంలో నీళ్లు నిలబెడుతున్నారు, అది మన పొలాలకే, నేను కాదనను. ఇసుక ఎక్కడికి పోయిందో మాత్రం ఈ సభలో ఉన్నవాళ్లలో చాలామందికి తెలుసు. మనలో కొందరి మేడల్లోనే ఉంది. బెంగళూరులో నేను కొన్న ఫ్లాట్‌లో ఏ ఏటి ఇసుక ఉందో నేనూ అడగలేదు. 2021 నవంబరులో వరద వచ్చినప్పుడు కమలాపురం దగ్గర పాపఘ్ని మీద వంతెన కూలింది. అన్ని కారణాలూ ఇసుకేనని నేను అనను. నేను బ్యాంకు ఉద్యోగిని, ఇంజనీరును కాను. చెలమ తవ్వలేకపోయానన్నది మాత్రం నాకు తెలుసు.

స్వర్ణోత్సవ నిధితో ఏం చేద్దామని మధ్యాహ్నం చర్చ ఉంది. స్వాగత తోరణం కట్టాలని ఒక మాట నడుస్తోంది. నాదొక విన్నపం. ఊళ్లో ఎనభై దాటిన మనుషులు ఇంకా ఉన్నారు. పీరు ఎత్తినవాళ్లు, తొట్టి ముందు డప్పు కొట్టినవాళ్లు, గండికి కాలినడకన పోయినవాళ్లు, చెలమ నీళ్లతో సంసారం నడిపినవాళ్లు. వాళ్ల మాటలు మన పిల్లల చేత రికార్డు చేయించండి. ఖర్చు తక్కువ, ఫోన్లు అందరి దగ్గరా ఉన్నాయి. రామేశ్వరం దగ్గర ఏటిని ఎట్లా ఉందో అట్లా ఏటా ఒకసారి శివరాత్రి రోజు కొలిచి, ఫోటో తీసి బడిలో పెట్టించండి. సోషల్ సార్ ఒప్పుకుంటే పటం ఆయనే గీస్తారు.

నాయన పోయి నాలుగేళ్లయింది. బీరువా సర్దుతుంటే క్యాసెట్ దొరికింది. టేపుకు బూజు పట్టింది. బెంగళూరులో ఒకాయన శుభ్రం చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఒక వైపు ఇరవై రెండు నిమిషాలు దక్కింది, రెండో వైపు పోయింది. ఎవరినీ మాట్లాడనివ్వలేదని చెప్పాను కదా, పన్నెండో నిమిషంలో ఎవరో మాట్లాడారు. మా జేజి. "ఒరే, వింటాండావా?" అని ఒక్క మాట, టేప్‌రికార్డరు దగ్గరికి నోరు పెట్టి.

కాపీ ఒకటి హెడ్మాస్టరు గారికి ఇస్తున్నాను. ఇప్పుడు కొంచెం వినిపిస్తాను. మైకు అన్నా, సౌండు పెంచు. మొదట ఒక నిమిషం గరగర తప్ప ఏమీ ఉండదు, డప్పు ఇంకా శివాలయం వీధి మలుపులో ఉంది.