పేరు అడగరు, ఫీజు అడగరు

నా పేరు చెప్పట్లేదు, ఏమీ అనుకోకండి. మాది ఏలూరు దగ్గర పల్లెటూరు. ఐటీఐ చేసి, కొన్నేళ్లు దుబాయ్‌లో పనిచేసి, ఇప్పుడు న్యూజెర్సీలో సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. నలభై ఆరేళ్లు.

సైట్‌లో స్కాఫోల్డింగ్ మీంచి పడి నడుం దెబ్బతింది. ఆక్సికోడోన్ మాత్రలు రాశారు. నొప్పి తగ్గింది, మాత్రలు మాత్రం ఆగలేదు. డాక్టర్ రాయడం ఆపేశాక బయట కొన్నాను. మా ఆవిడకి చెప్పలేదు. ఒకరోజు పైన క్రేన్ బరువు ఎత్తుతుంటే కింద నిలబడి కునుకు తీశాను. పక్కనున్న కుర్రాడు చెయ్యి పట్టి లాగాడు కాబట్టి ఇవాళ మాట్లాడుతున్నాను.

ఇది నా ఒక్కడి కథ కాదండి. 2020 లెక్కల్లో అమెరికాలో డ్రగ్స్ ఓవర్‌డోస్ మరణాల రేటు అన్ని వృత్తులకంటే ఎక్కువున్నది కన్‌స్ట్రక్షన్, గనుల పనివాళ్లలోనే.

ఆ రాత్రి కారులో కూర్చుని 1-800-662-4357కి ఫోన్ చేశాను. సామ్‌సా అనే ఫెడరల్ సంస్థ హెల్ప్‌లైన్ అది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది. జిప్ కోడ్ చెబితే దగ్గర్లో ఉన్న డాక్టర్ల వివరాలు, సపోర్ట్ గ్రూపుల వివరాలు ఇస్తారు. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మీటింగు వైద్యానికి బదులు కాదు, తోడు.

నార్కోటిక్స్ అనానిమస్ 1953లో కాలిఫోర్నియాలో మొదలైంది. వాళ్ల వెబ్‌సైట్‌లో ఊరు కొడితే మీటింగుల రోజు, టైము వస్తాయి. ఇంటిపేరు అడగరు, ఇన్సూరెన్స్ అడగరు, ఫీజు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. 'ఓపెన్' అని రాసి ఉంటే ఎవరైనా రావచ్చు, 'క్లోజ్డ్' అంటే వ్యసనం ఉన్నవాళ్లకే.

తెలుగువాళ్లు ఎవరైనా చూస్తారేమోనని నేను నలభై మైళ్లు దూరంలో ఉన్న మీటింగుకి వెళ్లాను. చర్చి బేస్‌మెంట్‌లో పెట్టారు. మతం మార్చేస్తారేమోనని భయపడ్డాను. నా మతమేంటో ఎవరూ అడగలేదు. దేవుడి ప్రస్తావనే వద్దనుకుంటే స్మార్ట్ రికవరీ మీటింగులున్నాయి. మొదటి గ్రూపు నాకు కుదరలేదు, మూడోది కుదిరింది. ఒకచోట కుదరలేదని మానేయకండి.

ఇంట్లోవాళ్లకి నార్-అనాన్ అని వేరే గ్రూపుంది. మా ఆవిడ అక్కడికి వెళ్లాకే మేమిద్దరం అరుచుకోకుండా మాట్లాడుకున్నాం.

ఇంకోమాట. బయట కొనే మాత్రల్లో ఫెంటనిల్ ఉండొచ్చు. ప్రాణం నిలబెట్టే నలోక్సోన్ ముక్కు స్ప్రేని 2023 నుంచి చీటీ లేకుండానే ఫార్మసీలో అమ్ముతున్నారు. ఇంట్లో ఒకటి పెట్టుకోండి. ఎవరైనా పడిపోతే స్ప్రే కొట్టి, వెంటనే 911కి ఫోన్ చేయండి.

స్లాబ్ పోసిన మర్నాడే సెంట్రింగ్ తీసేస్తామా? గట్టిపడేదాకా ఉంచుతాం కదండీ. నా మీటింగులూ అంతే. రెండేళ్లు దాటినా శుక్రవారం శుక్రవారం వెళ్తూనే ఉన్నాను. మీరూ ఒక్కసారి వెళ్లి వెనక కుర్చీలో కూర్చోండి. మాట్లాడకపోయినా పర్లేదు.

ఉంటానండి.