నేను మనిషిని

మూలవాక్యము: యెహెజ్కేలు 4:1-8



యెహెజ్కేలు ప్రవక్త నాలుకను కట్టివేసిన దేవుడు అతనికి రెండు పనులు అప్పగించాడు. మొదటిది, ఒక పెంకు తీసుకుని దానిమీద యెరూషలేము పట్టణాన్ని గీయడం. రెండవది, జనులందరూ చూస్తుండగా ఎడమ ప్రక్కన 390 దినాలు, కుడి ప్రక్కన 40 దినాలు పడుకోవడం. నోరు పలకలేని సందేశాన్ని బొమ్మ పలికింది, శరీరం పలికింది.

1968లో అమెరికాలోని మెంఫిస్ పట్టణంలో ఇలాంటి సాక్ష్యమే కనబడింది. ఆ ఫిబ్రవరి 1న వాన కురుస్తుండగా చెత్త బండిలో తలదాచుకున్న ఇద్దరు నల్లజాతి పారిశుధ్య కార్మికులు దాని యంత్రంలో నలిగి చనిపోయారు. దాదాపు 1300 మంది పని మానివేశారు. మార్చి 28న క్లేబోర్న్ టెంపుల్ అనే దేవాలయము నుండి బయలుదేరిన ఊరేగింపులో కార్మికుల చేతుల్లోని అట్టల మీద ఒకే మాట అచ్చువేసి ఉంది: నేను మనిషిని. తల నెరసిన నల్లవారిని కూడా "ఒరేయ్ అబ్బాయ్" అని పిలిచే ఊరది. ఆ మాటకు ఇదే జవాబు. వారితో నడిచిన బాప్టిస్టు కాపరి మార్టిన్ లూథర్ కింగ్ గారు ఏప్రిల్ 4న అదే పట్టణంలో తుపాకి గుండుకు బలైపోయారు. అప్పటికి ఆయన వయస్సు 39 సంవత్సరాలు. ఏప్రిల్ 16న కార్మికుల సంఘాన్ని నగరపాలక సంస్థ గుర్తించింది.

ఇదంతా ఎక్కడో జరిగిన కథ అనుకోకండి. 1959లో కింగ్ గారు మన దేశానికి వచ్చినప్పుడు తిరువనంతపురంలోని ఒక పాఠశాలలో ఆయనను అమెరికా నుండి వచ్చిన తోటి అంటరానివాడని పరిచయం చేశారు. మొదట ఆ మాట తనకు గుచ్చుకున్నదనీ, ఆలోచించాక అది నిజమేనని ఒప్పుకున్నాననీ 1965లో ఒక ప్రసంగంలో ఆయనే చెప్పారు.

మా శ్రీకాకుళం సంఘములో యౌవనస్థులు ఆయన జ్ఞాపకార్థం ఒక చిన్న నాటకం తలపెట్టారు. పాత సైకిలు ట్యూబు ముక్కల్లో అక్షరాలు కత్తిరించి, చెక్కకు అంటించి, సిరా పూసి "నేను మనిషిని" అని కాగితాల మీద అచ్చు తీశారు. ఇంతలో సంఘ పెద్ద ఒకరు నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మావోడి చేతికి చీపురిస్తారా?" అన్నారు. కింగ్ గారి వేషమైతే ఆయనకు అభ్యంతరం లేదు! సిగ్గుతో చెబుతున్నాను, నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఆ సాయంత్రం వీధులూడ్చే ఒక తల్లి వెనుక నుండి లేచి వచ్చింది. ఆదివారం తప్పకుండా వచ్చి చివర కూర్చునే మనిషి. "సీపురు అలాగ పట్టుకోరు బాబూ, నాను సూపిత్తాను" అని పిల్లలకు నేర్పింది. తరువాత ఆ కాగితం అందుకుని ఏమి రాసి ఉందని అడిగింది. చదివి వినిపించాను. కాసేపు ఊరకుండి, "మనిసంటే ఆడోళ్లు కూడానా అయ్యగారూ?" అని అడిగింది.

ప్రియులారా, ఆదికాండము 1:27 ఆమెకు జవాబిస్తుంది. స్త్రీని, పురుషుని దేవుడు తన స్వరూపమందే సృజించాడు. హెబ్రీ పత్రిక 1:3లో కుమారుని గూర్చి వాడిన గ్రీకు మాట "ఖరక్టేర్"కు ముద్ర పడిన అచ్చు అని అర్థం. తండ్రి యొక్క ఆ సంపూర్ణమైన అచ్చు తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగింది. మరి మన పిల్లలు చీపురు పట్టుకుంటే మన పరువు పోతుందా?

ప్రవక్తల సమాధులను కట్టించి వారి మాట వినని వారిని ప్రభువు గద్దించాడు (మత్తయి 23:29). పటానికి దండ వేయడం సులువు. రక్షణ పరికరాలు లేకుండా మురుగు గుంటల్లోకి మనుషులను దింపడాన్ని 2013 చట్టం నిషేధించినా, ఆ గుంటల్లో ఇంకా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. రేపు ఉదయం మీ వీధి ఊడ్చే వ్యక్తి పేరు అడగండి. మీరు త్రాగే గ్లాసుతోనే నీళ్లివ్వండి. ఆదివారం మీ ప్రక్కన చోటివ్వండి.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, నీ స్వరూపాన్ని గుర్తించని మా కన్నులను క్షమించుము. మా చేతులను, మా శరీరాలను నీ సాక్ష్యముగా చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.