రాయబారం వెనుక పనిచేసేవారు



రాయబారం అనే మాట మాచర్లవారికి కొత్త కాదు. పల్నాటి వీరచరిత్రలో అరణ్యవాసపు గడువు తీరిన తరువాత, తమ రాజ్యభాగం అడగటానికి మాచర్ల పక్షాన అలరాజు గురజాలకు రాయబారిగా వెళ్ళాడు. నలగామరాజుకు స్వయాన అల్లుడై యుండి కూడా విషప్రయోగానికి బలియైనాడు. ఆ తరువాత జరిగినది కారంపూడి యుద్ధము. నడుమ నిలిచిన మనిషి పోతే మిగిలేది కత్తులేనని ఆ కథ మనకు చెబుతున్నది.

ఉర్దూలో రాయబారిని ‘సఫీర్’ అంటాము. మదరసా కోసం రసీదు పుస్తకం చంకన పెట్టుకొని ఊరూరా తిరిగి చందాలు తెచ్చే మనిషిని కూడా సఫీర్ అనే అంటాము. దేశం తరపున పరాయి రాజధానిలో కూర్చునేవానికీ, ఎండలో గడపగడపా తిరిగేవానికీ ఒకటే మాట. ఇందులో మనం గ్రహించవలసినది ఉన్నది. ఇద్దరి పనీ నమ్మకం మీద నడిచేదే.

మన కాలంలో జరిగిన ఒక రాయబారాన్ని మనవి చేస్తాము. 1997లో హైదరాబాదు కేంద్రంగా కొందరు పెద్దలు ‘కమిటీ ఆఫ్ కన్సర్న్డ్ సిటిజన్స్’గా ఏర్పడినారు. ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య సాగుతున్న చావులు ఆగాలన్నది వారి కోరిక. దానికి ముందు నిలిచినవారు ఎస్.ఆర్. శంకరన్ గారు. వెట్టిచాకిరి నిర్మూలనకు పాటుపడిన ఐ.ఏ.ఎస్. అధికారి. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి ఏజెన్సీలో నక్సలైట్లు ఆయనను, మరికొందరు అధికారులను ఎత్తుకుపోయి, చెరలో ఉన్న తమవారిని విడిపించుకున్న తరువాతనే వదిలారు. ఇంకొకరైతే పగ పట్టియుందురు. ఆయన పదేళ్ళ తరువాత అదే సమస్య నడుమ చాప వేసుకొని కూర్చున్నారు. న్యాయవాది కన్నబిరాన్ గారు, పాత్రికేయులు పొత్తూరి వెంకటేశ్వరరావు గారు, ఆచార్య హరగోపాల్ గారు మున్నగువారు ఆయనకు తోడైనారు.

వీరి పని ఎలాంటిది? పల్లెలకు పోవటం, పోలీసు తుపాకికి పోయినవారి ఇంటా, నక్సలైట్ల తుపాకికి పోయినవారి ఇంటా ఒకే తీరున కూర్చుని వినటం, విన్నదాన్ని రాయటం, ఆ రాతను ఇరుపక్షాలకూ పంపి జవాబు అడగటం. ఏళ్ళ తరబడి ఇదే చాకిరి. 2002లో ఒక ప్రయత్నం జరిగి ఆగిపోయినది. 2004 అక్టోబరు 11న నక్సలైట్ ప్రతినిధులు నల్లమలలోని చిన్న ఆరుట్ల వద్ద బయటికి వచ్చినారు. వారికి నాయకుడైన రామకృష్ణ మన పల్నాటివాడే. అక్టోబరు 15 నుండి 18 వరకు హైదరాబాదులో చర్చలు జరిగినవి. ప్రభుత్వం పక్షాన హోంమంత్రి జానారెడ్డి గారు కూర్చున్నారు. ఫొటోలు పత్రికలలో వచ్చినవి. ఆ బల్ల దాకా ఇరువురినీ తెచ్చిన ఏడేళ్ళ ఉత్తరాలకు మాత్రం ఫొటో లేదు.

చర్చలు నిలువలేదు. ఆయుధాలతో తిరగటం, భూముల పంపకం వంటి విషయాలపై రాజీ కుదరలేదు. 2005 జనవరిలో నక్సలైట్లు తప్పుకున్నారు. ఆగస్టు 15న శాసనసభ్యులు చిట్టెం నర్సిరెడ్డి గారి హత్య జరిగినది, ఆగస్టు 17న నిషేధం మళ్ళీ వచ్చినది. నల్లమల అంచున ఉన్న మన పల్లెలవారికి ఆ తరువాతి రోజులు చెప్పనవసరం లేదు. రాత్రి అన్నం పెడితే ఒకరి అనుమానం, పగలు దారి చెబితే మరొకరి అనుమానం.

మరి శంకరన్ గారి బృందం పని వృథా అయినదా? కాలేదని మేము అంటాము. తుపాకులు ఊరుకున్న ఆ కొద్ది నెలలలో ప్రాణాలు దక్కినవారు ఎందరో ఇప్పటికీ మన మధ్య తిరుగుతూ ఉండవచ్చును. బ్రతికిపోయినవానికి తాను బ్రతికినట్లు తెలియదు, అందుకే మధ్యవర్తికి షుక్రియా చెప్పేవాడు ఉండడు. 2005లో పద్మభూషణ్ ఇస్తామన్నా శంకరన్ గారు వద్దన్నారు. 2010 అక్టోబరు 7న కన్నుమూశారు.

ఇప్పుడు మన సంగతి. అన్నదమ్ముల వాటా, ఆలుమగల కలహం, దుకాణం అద్దె తగాదా — ఇవి కోర్టుకు పోకముందే సుల్హ్ చేయగల మనుషులు మన సొసైటీకి కావాలి. అటువంటివారు దొరకటం కష్టంగా ఉన్నది. కారణం మనకు తెలుసు. నడుమ కూర్చున్నవాణ్ణి రెండు పక్షాలూ తిడతాయి. అందుచేత మూడు మాటలు మనవి చేస్తున్నాము. ఒకటి, ఇరువురి మాటా వారి సమక్షంలోనే కాగితం మీద పెట్టి చదివి వినిపించాలి. రెండు, ఎవరి ఇంటి విందుకూ, కానుకకూ పోరాదు. మూడు, రాజీ చెడినా మధ్యవర్తిని నిందించబోమని సొసైటీ ముందే మాట ఇవ్వాలి.

అధ్యక్షులవారు ఈ సభలోనే పేర్లు అడగవలెనని కోరుచున్నాము. పడుచువారు, చదువుకున్న ఆడపడుచులు కూడా ముందుకు రావాలి. ఇంటి లోపలి తగాదా ఆడవారు వినకుండా తీరదు. పేర్లు ఇచ్చినవారికి ఉత్తరాలు రాసిపెట్టే పని, ఉర్దూలోనైనా తెలుగులోనైనా, మేము చేసిపెడతాము.

ఖుదా హాఫిజ్.