ఇల్లు కొనే ముందు

వేలూరు, గుడియాత్తం ప్రాంతాల్లో చాలామందికి ఇంట్లో మాట తెలుగు, ఇంటి పత్రం మాత్రం తమిళం. తెలుగు బడిలో చదివిన మా బంధువు ఒకాయన పత్రం చదివించుకోకుండానే సంతకం పెట్టారు. వెనుక దొడ్డి అందులో లేదని గోడ కట్టబోయిన రోజున గాని తెలియలేదు.

అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే మూడు కాగితాలు చూడండి. మొదటిది తాయ్ పత్తిరం, అంటే అమ్మేవారికి ఆ ఆస్తి ఎలా వచ్చిందో చెప్పే మూలపత్రం. నకలు చాలదు, అసలే చూడాలి. అసలు తాకట్టులో ఉండవచ్చు. రెండోది విల్లంగ సర్టిఫికెట్, మనం ఈసీ అంటాం. రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు అందులో తెలుస్తాయి. కనీసం 30 ఏళ్లకు తీయించండి. కోర్టు తగాదాలు అందులో కనబడకపోవచ్చు, వాటిని విడిగా విచారించాలి. మూడోది పట్టా. అది ఒక్కటే హక్కుకు రుజువు కాదు.

పత్రం రాసేవారు వేరు, హక్కు పరిశీలించే వకీలు వేరు. ఆ వకీలు మీ తరఫువారై ఉండాలి. ‘పవర్ రాసిస్తాం, రిజిస్ట్రేషన్ ఎందుకు?’ అంటే ఒప్పుకోకండి. పవర్ పత్రంతో ఇల్లు కొన్నవారిది కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చివరగా ఒక్క మాట. సంతకానికి ముందు సర్వే నంబరు, కొలతలు, నాలుగు హద్దులు తెలుగులో చెప్పించుకోండి. తమిళం చదవలేనని చెప్పడానికి సిగ్గు ఒక్క పూటే; చెప్పకపోతే చింత ఇంటిల్లిపాదికీ.