నొప్పి తగ్గింది, దేనివల్ల?



ఎముకలు గుల్లబారి వెన్నుపూస నలిగిన వృద్ధులకు సూదితో సిమెంటు ఎక్కించే చికిత్స ఉంది, పేరు వెర్టిబ్రోప్లాస్టీ. చేయించుకున్న చాలామందికి నొప్పి తగ్గింది. ఇంకేం కావాలంటారా? 2009లో వెలువడిన ఒక పరిశోధనలో 131 మందిని, వారి సమ్మతితోనే, చీటీలు తీసినట్లు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు సిమెంటు ఎక్కించారు. రెండో జట్టుకు మత్తు సూది వేసి, వీపు నొక్కి, సిమెంటు వాసన మాత్రం తగలనిచ్చారు. నెల తర్వాత రెండు జట్లకూ నొప్పి ఇంచుమించు ఒకేలా తగ్గింది!

రోగి నొప్పి అబద్ధమని కాదు, తగ్గడమూ నిజమే. కాని అది సిమెంటు గొప్పేనా? 2016 నాటి ఇంకో పరీక్ష, విరిగి ఆరు వారాలు దాటనివారికి మేలుందని చెప్పింది. కనుక నగలు కుదువపెట్టే ముందు డాక్టరుగారిని అడగండి: "దీన్ని ఉత్తుత్తి సూదితో పోల్చి చూశారా? ఎలాంటి రోగులకు పనిచేసింది?" అడగడం అమర్యాద కాదు.