నిండిన రేడియేటరు చాలునా?

(నేలకొండపల్లిలో ట్రాక్టరు, లారీ యజమానుల సభయందు గావించిన ప్రసంగ పాఠము)



 నేడు మేము చెప్పదలచినది డీజిలు ఇంజనును గూర్చి.

వరి కోతలవేళ హార్వెస్టరు నిలిచిపోయినచో నష్టము మరమ్మతు ఖర్చుతో తీరదు. చేతికి వచ్చిన పంట వానపాలగును. బ్యాంకు కిస్తీ ఆగదు. ఇట్టి చేటు ఒక్కొక్కప్పుడు రేడియేటరు నిండుగా నున్నను వచ్చును.

ఎట్లనగా, పెద్ద ఇంజనులు పెక్కింటిలో సిలిండరు లైనరు వెలుపలి గోడను కూలెంటు తాకుచుండును. పిస్టను తాకిడికి ఆ గోడ అదరును. ఆ అదురుకు ద్రవములో సన్నని ఆవిరి బుడగలు పుట్టి గోడమీదనే పగులును. బుడగయే కదా యనరాదు. లక్షలసార్లు పగిలినచో ఇనుమును సైతము తొలుచును. తుదకు చిల్లుపడి కూలెంటు ఇంజనులోనికి దిగును. ఆయిలు పాలవలె తెల్లబడును.

దీనిని నివారించుటకే కూలెంటులో నైట్రైటు వంటి రక్షక ద్రవ్యములను చేర్చుదురు. అవి లోహముపై పలుచని పొర కట్టును. బుడగలు చెరిపినకొలది మరల కట్టును. ఇట్లు ద్రవ్యము క్రమముగా తరుగును. మనము బోరునీరు పోసినకొలది మరింత పలుచబడును. ఆ నీటిలోని సున్నము లోపల పేరుకొనును.

“మనకు నీరు గడ్డకట్టదు, కూలెంటు ఏల?” యని కొందరు అడుగుదురు. నీరు 100 డిగ్రీల వద్ద మరుగును. సగము గ్లైకాలు, సగము నీరు గల మిశ్రమము సుమారు 107 డిగ్రీల వద్ద గాని మరుగదు. మన వేసవికి ఆ మేలు చాలదా?

పరీక్ష సులభము. ఇంజను చల్లారిన పిదపనే మూత తీయవలెను. వేడిమీద తీసినచో ఒళ్లు కాలును. శుభ్రమైన గిన్నెలో కొంచెము కూలెంటు తీసి, పరీక్షా పట్టీని ముంచి, డబ్బాపై వ్రాసిన వ్యవధి కాగానే రంగును పటముతో పోల్చవలెను. ఆయిలు మార్చునప్పుడెల్ల ఈ పరీక్ష చేయుట మంచి అలవాటు. పట్టీల డబ్బాకు చెమ్మ తగులరాదు. గడువు దాటినవి పనికిరావు.

రక్షక ద్రవ్యము కూరలో ఉప్పు వంటిది. తక్కువైన లైనరు తినబడును. ఎక్కువైన మడ్డి కట్టి దారులు మూయును, వాటరుపంపు సీలును చెరచును. కావున పరీక్షింపక పోయరాదు. కొన్ని నూతన కూలెంటులలో నైట్రైటే యుండదు; వానికి ఈ పట్టీ చెల్లదు. రంగును చూచి రకమును నిర్ణయింపరాదు, రెండు రకములను కలుపరాదు. యంత్రముతో ఇచ్చిన పుస్తకమే ప్రమాణము.

పాత కూలెంటును కాలువలో పారబోయవలదు. అది తియ్యగా నుండు విషము. పశువులు త్రాగినచో ప్రాణాపాయము.

చెరువు నిండినదని రైతు నిద్రపోడు. కట్ట ఎట్లున్నదో నడచి చూచివచ్చును. మీ ఇంజనును గూడ అట్లే చూచుకొందురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.